గోరింకకు నకలు

ఒక పెద్ద అడవిలో కాగితాలూ కలాలూ లేవు. ఏ బొరియ ఎవరిది, ఏ గుహ ఎవరిదని సింహం ఇచ్చిన తీర్పులన్నీ ఒక ముసలి గోరింక బుర్రలోనే ఉండేవి. ఆ అడవికి డేటాబేస్ అదే. వాగొడ్డు గుహ నక్కదేనని, దుమ్ములగొండిది కాదని గుర్తున్నది కూడా దానికొక్కదానికే.

ఆ గోరింకకు దగ్గు పట్టుకుంది. నక్క గుండెల్లో రాయి పడింది.

"ప్రభూ, దీనికో నకలు గోరింక కావాలి. ఎవరైనా చేసుకోగలిగేంత సులువుగా ఏర్పాటు చేస్తాను" అంది సింహంతో.

చేసింది. చెట్టుకు రెండు కొమ్మలు, పక్కన ఒక గంట. గంట మోగగానే నకలు గోరింక మరుపాకు తిని, పాతవన్నీ మరిచిపోయి, అసలు గోరింక చెప్పిందల్లా నేర్చుకోవాలి.

కుందేలు వచ్చి చూసింది. "రెంటిలో అసలుదేదో ఎలా తెలుస్తుంది, నక్కగారూ? గంట కొట్టేవాళ్ళను ఒక్క మాట అడిగితే పోదా?"

"అడిగితే విసుక్కుంటారు. పై కొమ్మ మీదున్నదే అసలుదని నేనే ముందుగా ఖాయం చేసేశాను. పట్నంలో దీన్ని డిఫాల్ట్ అంటారులే."

"ముసలిది అంత పైకి ఎగరగలదా?"

"బొరియలో కూర్చుంటే ఇన్ని సందేహాలు ఎలా పుడతాయే నీకు?" అంది నక్క. సభ నవ్వింది. సభ ఉన్నదే అందుకు.

నకలు ఉద్యోగం సింహం గుహలో పెరిగిన కుర్ర గోరింకకు దక్కింది. దానికి వచ్చిన మాట ఒక్కటే, "చిత్తం ప్రభూ." పెద్దింటి పిట్ట కదా, వస్తూనే పై కొమ్మెక్కింది. ముసలిది దగ్గుతూ కింది కొమ్మ మీద వాలింది. నక్క సభకు దండాలు పెట్టే హడావిడిలో అటు చూడనే లేదు.

సింహం గంట కొట్టింది. కింది కొమ్మకు మరుపాకు అందించారు. ఇచ్చారు కాబట్టి ముసలిది తినేసింది.

"ఇంత సులువా" అని సింహం మురిసిపోయింది.

మర్నాడే దుమ్ములగొండి వాగొడ్డు గుహలో దూరి పడుకుంది. నక్క ఏడుస్తూ సభకు పరుగెత్తింది.

"ఆ గుహ ఎవరిది?" అని సింహం గోరింకలను అడిగింది.

"చిత్తం ప్రభూ" అన్నాయి రెండూ.

"అక్షరం తేడా లేదు. నకలు బ్రహ్మాండంగా కుదిరింది" అంది సింహం.

"నా గుహ, ప్రభూ. ఆ దుమ్ములగొండిని పిలిపించి అడగండి."

"అడిగితే విసుక్కుంటారని నువ్వేగా అన్నావు. లోపల ఎవరుంటే గుహ వాళ్ళదే. డిఫాల్ట్."

ఆ మాట అడవంతా పాకింది. అప్పట్నుంచి కుందేలు మేతకు కూడా బొరియ దాటడం మానేసింది.

నీతి: వాడేవాళ్ళను ఏమీ అడగకండి. అడిగితే విసుగొస్తుంది, అడక్కపోతే ఇల్లు మాత్రమే పోతుంది.