కత్తెర పెట్టెలో ఉంది

నవ్వకు బావా. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది, పెదాలు సాగదీయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

స్టీల్ ప్లాంటు సేఫ్టీ డిపార్టుమెంటులో నన్ను 'జాగ్రత్త ఎల్లారావు' అంటారని నీకు తెలుసుగా. హెల్మెట్ పెట్టుకునే నిద్రపోతానని మావాళ్ళ ప్రచారం. ఈసారి సేఫ్టీ వారోత్సవాల్లో జీఎం గారి ముందు మాట్లాడే అవకాశం నాకే వచ్చింది. అంశం, ఇంట్లో ప్రమాదాలకి సిద్ధంగా ఉండటం. చెప్పుకుందామంటే మా ఇంట్లో ఒక్క ప్రమాదమూ జరిగి చావలేదు.

అప్పుడే ఫోన్లో ఒక వీడియో చూశాను. ఊడిన పన్నుని వేరు ముట్టుకోకుండా పట్టుకోవాలట. రుద్దకూడదట. పాలల్లో వేసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తితే మళ్ళీ అతికే అవకాశం ఉందట. ఇంటిల్లిపాదికీ భోజనాల దగ్గర ఇదే పాఠం చెప్పాను. మా ఆవిడ అనూరాధ ఆ పాఠం వింటూనే రెండుసార్లు ఆవలించింది.

తర్వాత ఒక ఇనప పెట్టె తెచ్చి, దూది, గాజు గుడ్డ, లవంగాలు, మూత ఉన్న చిన్న డబ్బా, పాల ప్యాకెట్టు, గుడ్డ కత్తిరించడానికి కత్తెర అన్నీ సర్దాను. పైన ఎర్ర రంగుతో 'దంత ప్రమాద పెట్టె' అని రాసి బీరువా మీదకెక్కించాను.

అనూరాధకి అది ఇంకో వంటింటి అలమర అయింది. లవంగాలు బిర్యానీలోకి పోయాయి. పాలు టీలోకి పోయాయి. ఇదేం పనని అడిగితే, "సుట్టాలొచ్చినప్పుడు ఇంట్లో పాలు లేకపోడం అంతకంటే పెద్ద పెమాదం కాదేటి?" అంది.

మళ్ళీ అన్నీ నింపి, ప్యాకింగు టేపుతో పెట్టెని అడ్డంగా, నిలువుగా, ఐమూలగా చుట్టేశాను. టేపు అయిపోయాకే ఆపాను.

"మరి అవసరం పడితే ఎలా తీత్తారు?" అంది.

"మాక్ డ్రిల్లులో సూపిత్తాను, సూడు" అన్నాను.

ఆదివారం మా అత్త చిట్టమ్మ అప్పికొండ నుంచి పీతలు పట్టుకొచ్చింది. అరవై దాటినా ఇప్పటికీ బజార్లో చేపలమ్ముతుంది. పీత కాలు పళ్ళతోనే పగలగొడుతుంది. నేను ఎదురుగా కూర్చుని, ఆవిడకీ పన్ను పాఠం అప్పజెప్పి, కూర మానేసి ఆవిడ నోరే చూశాను. ఆవిడ టక్కుమనిపించినప్పుడల్లా బీరువా వైపు సగం లేచాను. చెడ్డ కోరిక కాదు బావా, అంత కష్టపడి చేసిన పెట్టె ఒక్కసారైనా పనికి రావాలి కదా. కానీ అత్త పీతలన్నీ ముగించి, పళ్ళన్నీ భద్రంగా ఉంచుకుని చెయ్యి కడుక్కుంది.

ఇక లాభం లేదని మాక్ డ్రిల్లు ప్రకటించి విజిల్ ఊదాను. అత్తని పన్ను ఊడిన బాధితురాలిగా కూర్చోమన్నాను. నా పళ్ళకేటయింది బాబూ అంటూనే, నా మాట కాదనలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని లోపల నవ్వుకుంటోంది. అనూరాధ ఫోన్లో టైము చూస్తోంది.

పెట్టె దించాను. టేపు అంచు గోటికి దొరకలేదు.

"కత్తెర తే" అన్నాను.

"కత్తెర పెట్టెలో ఉంది" అంది అనూరాధ.

అవతల టైము పోతోంది. సేఫ్టీవాడి పరువు బావా. పెట్టె మూల దగ్గర టేపుని పళ్ళతో పట్టుకుని, పెట్టెని రెండు చేతులా బిగించి లాగాను. టేపు తెగింది. ఆ ఊపుకి పెట్టె వచ్చి నా మూతికి కొట్టుకుంది. ముందు పన్ను ఎగిరి నేల మీద పడింది.

ఏం చేయాలో అందరికీ నేర్పినవాణ్ణి నేనే. చేసింది మాత్రం, చతికిలబడి అమ్మో అని ఏడవటం.

లేచింది బాధితురాలు. పన్నుని పైభాగం పట్టుకుని తీసి, "ఏరు ముట్టుకోకే" అని కూతురికి చెప్పింది. అనూరాధ పెట్టె తెరిస్తే నా పాల ప్యాకెట్టు బుంగలా ఉబ్బి కంపు కొడుతోంది. దాన్ని అవతల పారేసి, ఫ్రిజ్జులో పాలు టీ గ్లాసులో పోసి తెచ్చింది. పన్ను అందులో, నేను ఆటోలో.

గాజువాకలో పళ్ళ డాక్టరు మహేశ్వరి గారు పన్ను పెట్టి, పక్క పళ్ళకి తీగతో కట్టారు. ఇంత చక్కగా తెచ్చారు, మీకెవరు నేర్పారని ఆడవాళ్ళని అడిగారు. నేను గర్వంగా చెయ్యెత్తాను. మీరు రెండు రోజులు మాట్లాడకండి అన్నారు.

"వారం చెప్పకూడదాండీ?" అంది అనూరాధ.

మర్నాడే నా ఉపన్యాసం. మా ఆఫీసరు నీలకంఠం గారు ఫోన్ చేస్తే అనూరాధ కథంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అయితే ఆ పెద్దావిణ్ణే తీసుకురమ్మన్నారాయన. అలా నా మైకు ముందు మా అత్త నిలబడింది.

"మా అల్లుడు మంచోడండి. అన్నీ సెప్పాడు, మేం ఇన్నాం. ఒక్కటే మర్సిపోయాడు. కత్తెర పెట్టె బైట ఉండాల" అని దిగిపోయింది.

ముందు చప్పట్లు కొట్టింది జీఎం గారే. నోరు మూసుకుని నేనూ కొట్టాను.

ఇప్పుడు పెట్టెకి టేపు లేదు. కత్తెరని అత్త వల తాడుతో పెట్టె బయట కట్టింది, ఆ ముడి తుపానుకి కూడా ఊడదు. పాలు ఫ్రిజ్జులోనే ఉంటున్నాయి.

నిన్న మళ్ళీ పీతలు తెచ్చింది. నాకు జావ పోశారు. వాసన చూస్తూ మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. అత్త ఒక పెద్ద కాలు టక్కుమని కొరికి, లోపలి మెత్తటి కండ తీసి నా గిన్నెలో వేసింది.

"తిను బాబూ, నాకు పళ్ళున్నాయి కదా" అంది.