వంగే షీటుకు ఉక్కు కవచం

"ఇకపై రోగి యంత్రం కోసం వంగక్కర్లేదు. యంత్రమే రోగి కోసం వంగుతుంది!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎక్స్‌రే గది ఆయాను కాబట్టి తలుపు పట్టుకునే బాధ్యత నాది.

యంత్రమంటే పల్చటి నల్ల షీటు. ఒంటి వంపును బట్టి వంగి, లోపలి ఎముకల బొమ్మను తీగ లేకుండానే తెర మీదికి పంపుతుంది. అలాంటివి రెండొచ్చాయి. మంత్రిగారు ఒకదాన్ని తీసుకుని, అందరికీ అర్థమయ్యేలా పేపరు చుట్టినట్టు చుట్టి, తమ కార్యదర్శి నెత్తిన ముద్దుగా ఒకటి వేశారు. లోపల చిటుక్కుమంది.

ఇంకొకరైతే కంగారుపడేవారు. మంత్రిగారు మైకు అందుకుని, "చూశారా? దీనికి రక్షణ లేదు. కవచం చేయిస్తాం!" అన్నారు. చప్పట్లు మోగాయి. లోపాన్ని అంత తొందరగా కనిపెట్టిన నాయకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మిగిలిన ఆ ఒక్క షీటు కోసం మా మరిది కాచుకుని ఉన్నాడు. దర్జీ. స్టూలెక్కి పై అరలోంచి బట్టల తాను తీస్తూ పడ్డాడు. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి మడిచింది మడిచినట్టే ఉంది. పాత ఎక్స్‌రే పలక గట్టిది, వంగదు, ఆ చంక సందులోకి దూరదు. "కీలు బొమ్మ చూడకుండా నేను కత్తి పెట్టలేను. నెల దాటితే ఎముక వంకరగా అతుక్కుంటుంది. ఇక కత్తెర పట్టలేడు" అని ఎముకల డాక్టరు చెప్పేశాడు.

కవచం పని ఆసుపత్రి యంత్రాలు చూసే ఇంజనీరమ్మకు పడింది. ఆమె ఒకరోజు వచ్చి బెంచీ మీద మా మరిది పక్కన కూలబడింది.

"వంగాలి, మడత పడకూడదు. చెమట దిగకూడదు. బుర్ర పనిచెయ్యట్లేదు బాబాయ్."

"కాలరమ్మా" అన్నాడు మరిది.

"ఏం కాలరు?"

"చొక్కా కాలరు. లోపల గట్టి పట్టీ ఉంటుంది. మెడ చుట్టూ తిరుగుతుంది గానీ విరగదు. అలాంటి పట్టీలు పక్కపక్కనే కుట్టావనుకో, కొంతదాకా వంగి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగిపోతాయి."

"బొమ్మ పడేచోట ఏదీ అడ్డం రాకూడదే!"

"అంచుల్లోనే కుడదాం. వదినా, రబ్బరు గుడ్డ పట్టుకురా. నువ్వు కుట్టు, నేను తిడతాను."

మూడు రోజులు తిట్లు తిని కుట్టాను. లోపల మెత్తటి స్పాంజి, పైన రబ్బరు గుడ్డ, అంచుల్లో ప్లాస్టిక్ పట్టీలు. షీటు అందులో పడుకుని హాయిగా వంగింది.

కవచానికి ఆమోదం తెలపాల్సిన కమిటీలో ఏడుగురు. అధ్యక్షులవారు వంతెనలు కట్టి రిటైరైన పెద్దమనిషి. మా తొడుగును బల్ల మీద పెడితే దిండనుకుని మోచెయ్యి ఆనించారు. సంగతి తెలిశాక గొంతు సవరించుకున్నారు.

"దీని మీదికి లారీ ఎక్కితే?"

"ఎక్స్‌రే గదిలోకి లారీ రాదు సార్."

"రాదని రాసిస్తావా?"

ఇంజనీరమ్మ రాసివ్వలేదు. అందుకని ఉక్కు రేకు పెట్టారు. నిప్పుకొక పొర, వరదకొక పొర. రేడియేషన్ నుంచి రక్షణేదని ఒక సభ్యుడు నిలదీస్తే సీసం రేకు కూడా వేశారు.

"సార్, దాని మీద పడాల్సింది రేడియేషనే కదా?"

"పడనివ్వమ్మా. మన జాగ్రత్త మనది."

కవచం బయటి కొలతలు మాత్రం మొదటి రోజే మంత్రిగారి సంతకంతో ఖాయమయ్యాయి. సంతకాన్ని దాటడం మర్యాద కాదు. అందుచేత పొరలన్నీ లోపలికే పెరిగాయి. ఇరవై ఆరో రోజున కవచం ఉక్కు పెట్టెలా దిగింది. నలుగురు మోశారు.

"షీటు పట్టడం లేదు సార్" అంది ఇంజనీరమ్మ.

కార్యదర్శి ఫైలు తిరగేశాడు. "షీటు పట్టాలని ఆర్డర్లో ఎక్కడుందమ్మా?"

ముగ్గురం వెతికాం. లేదు.

"రేపు ప్రారంభోత్సవం. ఆ షీటు స్టోర్లో పెట్టెయ్. బయటుంటే దెబ్బ తగులుతుంది."

మర్నాడు ఎక్స్‌రే గదిలోని పెద్ద తెరను కూడా హాల్లోకి పట్టుకెళ్లి, దాని మీద 'స్వాగతం' అని పెట్టించారు. అందరూ అక్కడే. ఇదే అదనని ఇంజనీరమ్మ స్టోర్లోంచి షీటు తెచ్చింది. "పది నిమిషాలు చాలు బాబాయ్. బొమ్మ నా లాప్‌టాప్‌లో చూసుకుంటాను." తొడుగులో పెట్టిన షీటును మరిది భుజం చుట్టూ సర్ది, నేను హాలు తలుపు పట్టుకోవడానికి పరుగెత్తాను. షీటు ఇంకా పెద్ద తెరకే బొమ్మలు పంపుతోందన్న సంగతి ఆ హడావిడిలో ఆమెకు తట్టలేదు.

లోపల షీటుందని అందరూ అనుకుంటున్న పెట్టెకు మంత్రిగారు ఎడమ భుజం ఆనించారు. ఫొటోల్లో ఆ వైపు బాగుంటారు. బటన్ నొక్కారు. 'స్వాగతం' పోయి, తెర నిండా విరిగిన భుజం ఎముక వచ్చింది.

హాల్లో అందరూ తెర వైపు మెడలు చాచారు. ఎముకల డాక్టరు మాత్రం కుర్చీలోంచి లేచాడు. "అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది! ఇదిగో విరిగిన చోటు! రేపే ఆపరేషన్ చేసెయ్యాలి!" అన్నాడు ఆనందం పట్టలేక.

మంత్రిగారు నోరు తెరవబోయారు. కార్యదర్శి చెవి దగ్గరికి వంగాడు. తలుపు దగ్గరున్నాను కాబట్టి నాకూ వినిపించింది.

"నొప్పిగా ఉందనండి సార్. లేదంటే పెట్టె తెరవమంటారు."

"అబ్బా!" అన్నారు మంత్రిగారు, వెంటనే.

'ప్రజల భారం మోసి విరిగిన భుజం' అని పేపర్లన్నీ రాశాయి. చదివి నాకే కళ్లు చెమర్చాయి. ఇంజనీరమ్మ డాక్టరును పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పేసింది. మర్నాడు మంత్రిగారి కోసం సిద్ధం చేసిన ఆపరేషన్ గదిలో, తలుపులు మూసి, మా మరిదికి ఆపరేషన్ జరిగింది. మంత్రిగారు రెండు రోజులు స్పెషల్ రూములో పడుకుని పరామర్శలు అందుకున్నారు. పెట్టెకు కాపలా పెట్టారు.

రెండు నెలలకు మా మరిది కత్తెర పట్టాడు. మొదటి పని మంత్రిగారిదే. సన్మాన సభకు మెడలో వేసుకునే చేతికట్టు కొత్తది, పట్టుగుడ్డది కావాలన్నారు. బట్టల సంచీ మొయ్యడానికి నేనూ వెళ్లాను. మంత్రిగారు సోఫాలో కూర్చుని రెండు చేతులతో పేపరు చదువుతున్నారు. పాత కట్టు కుర్చీకి వేలాడుతోంది.

మరిది టేపు తీసి, వినయంగా అడిగాడు.

"ఏ భుజం సార్?"

మంత్రిగారు కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి ఫైలు తెరిచాడు.