మా బావగారు కొట్టిన చెంపదెబ్బ

ప్రొఫెషనల్ నాటకాలు చూసేవాళ్ళంటే నాకు జాలి. డైలాగు మరచిపోని నటుల్ని చూడ్డానికి పనిమాలా తయారై మరీ వెళ్తారు! మరచిపోతాడేమోనన్న భయమే లేనిచోట ఉత్కంఠ ఎక్కడుంటుంది, మీరే చెప్పండి?

అమెచ్యూర్ నాటకంలో ప్రతి వాక్యమూ ఒక గండమే. తెర సగం దిగి ఇరుక్కుంటుంది. అప్పుడు కత్తిపోటుకు చచ్చినవాడే లేచి, దాన్ని కిందికి లాగి, మళ్ళీ వెళ్ళి తన చోట పడుకుంటాడు. ఇంతటి బాధ్యత ఏ ప్రొఫెషనల్ శవానికైనా ఉంటుందా?

అన్నిటికన్నా ముఖ్యం ఎమోషన్. ప్రొఫెషనల్ దాన్ని తెచ్చిపెట్టుకుంటాడు. మనవాడు ఆఫీసు నుంచి నేరుగా వెంటబెట్టుకొస్తాడు! సాక్ష్యం కావాలా? మా బావగారున్నారు.

మా అక్కయ్య వేరే ఊళ్ళో టీచరు. బావగారు ఈ ఊళ్ళో క్లర్కు. అక్కయ్య ఊరికి ట్రాన్స్‌ఫర్ వచ్చేదాకా, ఓ వారం రోజులంటూ మా ముందుగదిలో దిగారు. మూడేళ్ళయింది. ఫిర్యాదు కాదు, సందర్భం కోసం చెబుతున్నానంతే. ట్రాన్స్‌ఫర్ అర్జీ సంగతి ఎప్పుడెత్తినా ఆయన ఆఫీసు మేనేజరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, చూద్దాం అంటారట.

ఆ మేనేజరుగారే ఈసారి ఆఫీసు వార్షికోత్సవానికి నాటకం రాశారు. రాసి, డైరెక్షన్ చేసి, దుర్మార్గుడైన యజమాని వేషం కూడా తనే వేసుకున్నారు. ఆఖరి రంగంలో ఆయన చెంప పగలగొట్టే కార్మికుడి వేషానికి ఒక్కరూ ముందుకు రాలేదు. అందరికీ ప్రమోషన్లు రావాల్సి ఉన్నాయి. అది తిరిగి తిరిగి మా బావగారి నెత్తిన పడింది.

రిహార్సల్స్‌లో ఆయన ప్రతి తిట్టు చివరా ‘సార్’ తగిలించేవారు. చెంపదెబ్బ దగ్గరికొచ్చేసరికి చెయ్యి గాలిలో ఆగిపోయి, మేనేజరుగారి భుజం మీద దుమ్ము దులిపి వెనక్కొచ్చేసేది.

"అర్జీ ఆయన టేబుల్ మీదుంటే ఎలా కొట్టమంటావోయ్?" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు నిజంగానే జాలేసింది. ఆ అర్జీ మీద ఆయనకెంత ఆశో నాకూ అంతే మరి!

నాటకం రోజు అక్కయ్య కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఆఖరి రంగం. దూరాన ఉన్న భార్యను చూసి రావడానికి సెలవిమ్మని కార్మికుడు యజమాని కాళ్ళావేళ్ళా పడ్డాడు. మేనేజరుగారు కళ్ళజోడు తీసి, తాపీగా తుడుచుకుంటూ, "చూద్దాం" అన్నారు. నాటకంలో ఉన్న మాటే. ఆయనే రాసుకున్నారు.

బావగారి మొహం ఎర్రబడింది. చెయ్యి లేచింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆ చప్పుడు మైకు అవసరం లేకుండా ఆఖరి వరుస దాకా వినిపించింది. మేనేజరుగారి పెట్టుడు మీసం ఊడి బావగారి అరచేతికి అంటుకుంది.

"మూడేళ్ళయింది సార్" అన్నారు బావగారు. ఇది మాత్రం నాటకంలో లేదు.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు! ఇలాంటి దెబ్బ ఏ ప్రొఫెషనల్ కొట్టగలడు? వాడి దగ్గర అర్జీ ఏది?

మర్నాడు మేనేజరుగారు బావగారిని గదిలోకి పిలిపించారు. కోపంతో ఏ మూలకైనా సరే పంపేస్తారన్న ధైర్యంతో నేనే ఆయన పెట్టె సర్ది గుమ్మంలో పెట్టాను. మేనేజరుగారు వాచిన చెంప తడుముకుంటూ, తన నాటకానికి చప్పట్లు పడటం ఇదే మొదటిసారని చెప్పి, అర్జీని నాలుగు ముక్కలు చేశారట.

"మిమ్మల్ని పంపించేస్తే వచ్చే ఏడు నన్నెవరు కొడతారండీ?" అన్నారట.

సంగతి విని అక్కయ్య ఫోనులో ఆయనకి వేళకి భోజనం పెట్టమని మాత్రం అంది. పాపం అనిపించింది. దానికీ, ఆయనకీ, కొంచెం నాకూ.

వచ్చే ఏటి నాటకంలో అయిదు చెంపదెబ్బలున్నాయి. రిహార్సల్‌కి ముందుగది చాలడం లేదని బావగారు నా గదిలోకి మారారు. ఇది నేను వంటింటి గట్టు దగ్గర నిలబడి రాస్తున్నాను.

అమెచ్యూర్ నాటకమే గొప్పదన్న మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. కాకపోతే, ఏడాది పొడవునా ఊరూరా తిరిగే ప్రొఫెషనల్ నాటక కంపెనీ ఎవరిదైనా ఉంటే, అందులోనూ మా అక్కయ్య ఊళ్ళో ఎక్కువ రోజులు ఆడేదైతే, దయచేసి నాకో ఉత్తరం ముక్క రాయండి. మంచి హీరో ఉన్నారు. స్టేషన్ దాకా నేనే తీసుకొచ్చి ఎక్కిస్తాను.