ఎడమ గజ్జ ప్రొఫెసర్‌గారు

మనిషిని నిండుగా చూడడం మానేశాకే వైద్యం బాగుపడింది! ఈ మాటకి కొందరికి కోపం రావచ్చు. వస్తే రానివ్వండి. నెత్తి నుంచి అరికాలి దాకా ఒక్క డాక్టరే చూసిన రోజుల్లో ఏముండేది? ఒక గది, ఒక బల్ల, ఒక స్టెతస్కోపు. ఇప్పుడో? ఒక్క పొట్టకే రెండు అంతస్తులు! అభివృద్ధి అంటే ఇంకెలా ఉంటుంది?

నమ్మకం కుదరని వాళ్ల కోసం, ఒక పెద్ద బోధనాసుపత్రిలో ఒక సర్జన్‌గారికి జరిగింది చెప్పుకుందాం.

ఆయన్ని అందరూ జనరల్‌గారు అనేవాళ్లు. సైన్యంలో పనిచేసి కాదు, జనరల్ సర్జరీ తప్ప ఇంకేమీ పట్టుకోకపోవడం వల్ల. పేగు మెలిపడినా, వీపు మీద గడ్డ లేచినా, ఎవరో ఎవరినో కత్తితో పొడిచినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆయన చూసేవాడు, కోసేవాడు, కుట్టేవాడు, నయం చేసి ఇంటికి పంపేవాడు. ఇలాంటి మనిషి పైకెలా వస్తాడు చెప్పండి?

తోటివాళ్లంతా పైకి వచ్చేశారు. ఒకాయన కాలేయంలో కుడి భాగం పట్టుకున్నాడు. ఎడమ భాగం గురించి ఎవరైనా అడిగితే, అద్దెకున్నవాళ్ల సంగతి ఇంటి ఓనర్ని అడిగినట్టు చిరాకుపడేవాడు. ఇంకొకాయన క్లోమం తోక మీద దేశాలన్నీ తిరిగొచ్చాడు, తల జోలికి మాత్రం పోలేదు. కిడ్నీల మేడమ్, మూత్రనాళాల సార్ భార్యాభర్తలు. కిడ్నీ ఎక్కడ అయిపోతుంది, నాళం ఎక్కడ మొదలవుతుంది అన్న దాని మీద ఇంట్లో మాటలు బందయిన రోజులున్నాయట. పిల్లల్ని కూడా ఆ పద్ధతిలోనే పంచుకున్నారు. చదువులు ఆవిడవి, జ్వరాలు ఆయనవి.

జనరల్‌గారు మాత్రం జుట్టు నెరిసినా అసోసియేట్ ప్రొఫెసర్‌గానే ఉండిపోయాడు. ఆయన దగ్గర కత్తి పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లు ప్రొఫెసర్లై, వరండాలో ఎదురుపడితే ఆయన భుజం తట్టడం మొదలుపెట్టారు. బావమరిది ఇంటికొచ్చినప్పుడల్లా ఇంకా అసోసియేటేనా బావా అని ఆప్యాయంగా అడిగేవాడు. ఆ ఆప్యాయతే ఆయనకి ఎక్కువ గుచ్చుకునేది.

ప్రమోషన్ ఇంటర్వ్యూలో మీ ప్రత్యేకత ఏమిటని అడిగారు. పొట్ట అన్నాడు. కమిటీవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొట్టలో ఎక్కడ అన్నారు. నొప్పి ఎక్కడుంటే అక్కడ అన్నాడు. పోయింది ప్రమోషన్!

డిపార్ట్‌మెంట్ హెడ్ మంచివాడు. గదికి పిలిచి, టీ ఇప్పించి, "మీరు ఊరంతా తిరుగుతున్నారు మాస్టారూ. ఒక చిన్న స్థలం చూసుకుని ప్రహరీ కట్టుకోండి" అని హితవు చెప్పాడు.

మంచి స్థలాలన్నీ అప్పటికే పోయాయి. వెతగ్గా వెతగ్గా ఎడమ గజ్జ దొరికింది. అందులోనూ, ఒకసారి ఆపరేషన్ అయ్యాక మళ్లీ జారిన హెర్నియా మాత్రమే. కుడి గజ్జని పక్క యూనిట్‌లో ఒకాయన ఎప్పుడో ఆక్రమించుకున్నాడు.

అంతే, దశ తిరిగింది! పేపర్లు అచ్చయ్యాయి, సదస్సులకి పిలుపులొచ్చాయి, తలుపు మీదికి ఇత్తడి బోర్డొచ్చింది, వెనకాలే ప్రొఫెసర్ పదవీ వచ్చింది. జనరల్‌గారు అన్న పేరు పోయి, చాటుగా ఎడమాయన అన్న పేరు స్థిరపడింది. కుడి వైపు పట్టుకుని ఎవరైనా పొరపాటున వస్తే మర్యాదగా పక్క గది చూపించేవాడు. మొదట్లో సిగ్గేసేది. తరవాత అలవాటైంది. ఆ తరవాత, కుడి నొప్పి పెట్టుకుని తన గదికి వచ్చినందుకు ఆ మనిషి మీదే విసుగు పుట్టడం మొదలైంది. ఎదుగుదల అంటే ఇదీ!

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆయన అక్క ఫోన్ చేసింది. అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడాగుతుందో చెప్పి చెప్పి రిటైరైన మనిషి. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడి వైపు కిందికి దిగిందనీ, వాంతులు కూడా అవుతున్నాయనీ, మీ ఆసుపత్రి క్యాజువాల్టీకి వెళ్తున్నాననీ చెప్పింది.

ఆయన ఒప్పుకోలేదు. ప్రొఫెసర్‌గారి అక్క క్యాజువాల్టీలోనా! అక్కడ ఉండేది నిన్నగాక మొన్న పట్టా పుచ్చుకున్నవాళ్లు. తనేమో సదస్సులో ఉపన్యాసం ఇవ్వాలి.

"నువ్వు నేరుగా మూడో అంతస్తుకెళ్లక్కా. అక్కడ అందరూ పెద్దవాళ్లే. నేను ఫోన్లు చేసి చెప్తాను" అన్నాడు.

చేశాడు కూడా. అక్కకి రాచమర్యాదలు జరిగాయి. పిత్తాశయం ప్రొఫెసర్ స్వయంగా స్కాన్ చూసి, ఇంత అందమైన పిత్తాశయం ఈ మధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. మూత్రనాళాల సార్ రాయి లేదని అభినందించి, కిడ్నీ సంగతి మేడమ్‌నే అడగమన్నాడు, ఆ ఊసు తను ఎత్తకూడదట. పెద్దపేగు ప్రొఫెసర్ చూసేది చివరి జానెడు. అక్క నొప్పి మొదటి జానెడు దగ్గర ఉంది. అందుకని ఆయన క్షమాపణ చెప్పుకుని, కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించాడు. ఎవరికి వాళ్లు తమ భాగం నిక్షేపంలా ఉందని హామీ ఇచ్చారు. అన్ని భాగాల్లోనూ అక్క ఆరోగ్యంగా ఉంది. నిలబడలేకపోతోంది, అంతే.

అంతమంది చదువుకున్నవాళ్లకి అపెండిక్స్ అని తోచలేదా అంటారా? తోచే ఉంటుంది. కానీ అపెండిక్స్‌కి ప్రొఫెసర్ లేడు. వేలెడంత లేని దాని మీద జీవితం ఎవరు ధారపోస్తారు? దాన్ని కింద క్యాజువాల్టీలో కుర్ర డాక్టర్లే తీసేస్తుంటారు. అక్క ఎవరికీ ఏమీ కాని మనిషైతే, భోజనాల వేళకి ఆ పని అయిపోయి ఉండేది.

ఆయన సదస్సు ముగించుకుని, సన్మానంలో ఇచ్చిన శాలువాతోనే వచ్చాడు. స్కాన్ గది బయట బెంచీ మీద అక్క మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. బస్టాండంతా దద్దరిల్లే గొంతు ఆవిడది. ఇప్పుడు తమ్ముడి పేరు పిలిచినా ఆయనకి వినపడలేదు, పెదవులు కదలడం కనపడిందంతే.

ఆయన నేల మీద కూర్చుని ఆవిడ పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. కొంచెం నొక్కి వదిలేసరికి అక్క ఆయన మణికట్టు పట్టేసుకుంది. ఇక ఏ స్కానూ అక్కర్లేకపోయింది. లోపల పగిలిపోయిందని చెయ్యే చెప్పింది. ఎన్నో ఏళ్ల తరవాత ఆయనకి ఆసుపత్రిలో భయం వేసింది.

హెడ్‌కి ఫోన్ చేశాడు. కంగారు పడొద్దనీ, సంబంధిత ప్రొఫెసర్లందర్నీ సాయంత్రం సమావేశపరుస్తాననీ హెడ్ ధైర్యం చెప్పాడు. అక్క అంతదాకా ఆగలేదు, నేనే చేసేస్తానని ఈయన అన్నాడు.

"కుడి వైపు మీది కాదు కదండీ" అన్నాడు హెడ్, నొప్పించకుండా.

ఆయన ఫోన్ జేబులో పడేసి, ట్రాలీ తనే తోసుకుంటూ క్యాజువాల్టీకి పరిగెత్తాడు. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, ఏమీ అడక్కుండా థియేటర్ తలుపు తీసింది. సొంత అక్క మీద కత్తి పెట్టకూడదని ఆయనకీ తెలుసు. కానీ ఇంకో పెద్ద సర్జన్ని వెతకడానికి వ్యవధి లేదు. గాటు పెట్టి లోపలికి వెళ్లాడు. ఏళ్ల తరబడి తొక్కని వీధే అయినా మలుపులన్నీ గుర్తున్నాయి. అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకింది. ఆయన తీసి, డాక్టరమ్మా ఆయనా కలిసి కడిగి, గొట్టం పెట్టి కుట్టారు.

అక్కకి కొన్నాళ్లు జ్వరం వదల్లేదు. ఆ కొన్నాళ్లూ ఆయన వార్డులో స్టూలు మీద నుంచి లేవలేదు. జ్వరం దిగి, గొంతు పెగిలాక అక్క మొదట అన్న మాట ఇది.

"ఆ రోజు పొద్దుట్నుంచి నా బొమ్మలు చూసినవాళ్లే గానీ నన్ను చూసినవాళ్లు లేరురా. నువ్వు చెయ్యి పెట్టగానే ఏడుపొచ్చింది."

ఆయన ఆవిడ దుప్పటి సర్ది, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మర్నాడు హెడ్ పిలిపించాడు. మెమో ఇస్తాడనుకున్నాడు. అబ్బే, హెడ్ దూరదృష్టి గలవాడు! ఇలాంటివి మళ్లీ జరక్కుండా కొత్తగా సమగ్ర ఉదర విభాగం పెడుతున్నారు. పొట్టనంతా ఒకేసారి, అదీ చేత్తో చూడడం అందులో ప్రత్యేకత. విదేశాల నుంచి నిపుణుల్ని రప్పించి శిక్షణ ఇప్పిస్తారు. దానికి మీరే పెద్ద అన్నాడు.

ఆయన దండం పెట్టి, తనకి అదేమీ వద్దనీ, మళ్లీ క్యాజువాల్టీ డ్యూటీ వేయిస్తే చాలనీ అన్నాడు.

హెడ్ నిర్ఘాంతపోయాడు. ఆ బాధ మనమూ అర్థం చేసుకోవాలి. ఇన్నేళ్లు శ్రమపడి ఒకణ్ని పైకి తెస్తే, వాడు మెట్లు దిగి కిందికి పోతానంటే ఎవరికైనా మనసుకి కష్టంగా ఉండదూ?

"అక్కడేముందండీ" అన్నాడు, నిజంగానే అంతుబట్టక. "రోగులు తప్ప."