రష్యా నుంచి రాని పంపుకు దండాలు

స్పేర్ పార్టులు సకాలంలో రాకపోవడం దేశానికి అరిష్టమని ఢిల్లీలో పేపరు చదివే ప్రతివాడూ అంటున్నాడు. బడికి పోకపోయినా అదే పేపరు కూడబలుక్కుని చదివే ముసలిదాన్ని, నేను చెబుతున్నాను. అంతకు మించిన వరం లేదు!

మా అబ్బాయి శేషగిరి నేవీలో ఇంజనీరు. వాడి ఓడ రష్యావాళ్లు కట్టిచ్చిన డిస్ట్రాయర్. పేరు వింటేనే శత్రువు పారిపోవాలట! అంతటి ఓడకు ఇంజనులో నూనె తోసే పంపు పాడైంది. కొత్తది రష్యా నుంచి రావాలి. అంటే ఏమిటి? ఓడ విశాఖలో కదలదు. వాడికి సెలవు. ఇక్కడ ఢిల్లీ ఆర్.కె.పురంలో నా చేతి ముద్ద తింటున్నాడు. ప్లాట్‌ఫారాల మీద చెయ్యి ఊపి ఊపి అలిసిపోయిన తల్లికి ఇంకేం కావాలి?

ఈ వరమిచ్చిన దేవుళ్లు బయటెక్కడో లేరు. పంపు తెప్పించే ఆఫీసులోనే మా అల్లుడు భీమేశ్వరరావు ఆఫీసరు.

"ఏం బాబూ, పంపు సంగతి?"

"అండర్ కన్సిడరేషన్, అత్తయ్యగారూ. పాతదానికేం రోగమో వివరణ అడిగాం."

"వచ్చిందా?"

"వచ్చింది. రష్యన్‌లోకి తర్జుమా చెయ్యాలి. చేసేవాడు సెలవులో ఉన్నాడు."

ఆహా! ఆ మహానుభావుడు కలకాలం సెలవులోనే ఉండాలని శనివారాలు ఉపవాసం పట్టాను.

అదే కరోల్ బాగ్ బజారు చూడండి. స్కూటర్ కేబుల్ అడిగితే "లీజియే మాతాజీ!" అని కొట్టువాడు చిటికెలో చేతిలో పెడతాడు. ఫలితం? స్కూటరు బాగైపోయి మా అల్లుడు ఆదివారం కూడా ఇంట్లో ఉండడు! రైళ్లకూ విమానాలకూ కూడా పంపులు ఈ ఆఫీసు ద్వారానే తెప్పిస్తే లోకంలో ఎడబాటన్నదే ఉండదు కదా?

మొన్న టెలిగ్రాం వచ్చింది. శేషగిరి వెంటనే రావాలట, ఓడ బయలుదేరుతోందట.

"పంపు వచ్చిందా నాయనా?"

"రాలేదమ్మా. పక్కనున్న ఓడా ఇదే మోడల్. దాని పంపు ఊడదీసి మాకు బిగించారు."

"అది కొత్తదా?"

"అదీ అరిగిందేలే. లీలావతి ఆంటీ కుక్కర్ గాస్కెట్ నువ్వు తెచ్చుకోవూ? ఇదీ అంతే!" అని నవ్వాడు.

అంతేనా? పక్కింటి లీలావతి గాస్కెట్ మొరాయిస్తే మా ఇంట్లో పప్పు ఉడకదు. ఆ పూటకి మజ్జిగ పోసుకుంటాం. నడిసముద్రంలో పంపు మొరాయిస్తే వీళ్లేం పోసుకుంటారు?

స్టేషన్‌లో మళ్లీ చెయ్యి ఊపి వచ్చాను. ఇంటికి రాగానే అల్లుణ్ణి పట్టుకున్నాను.

"ఇప్పుడైనా త్వరగా తెప్పించు బాబూ."

"ఇంకెందుకు కంగారు, అత్తయ్యగారూ? ఓడ నడుస్తోందిగా! ఫైలు మీదున్న 'అర్జెంట్' అన్న మాట కూడా గీసి కొట్టేశాం."

శనివారం ఉపవాసాలు మానలేదు. ఇప్పుడు ఆ తర్జుమా చేసేవాడు సెలవు నుంచి తిరిగి రావాలని చేస్తున్నాను.