మా మిద్దె మీద బ్యాలన్ ఎందుకు వద్దంటే

యాంటెన్నాకు బ్యాలన్ పెట్టేవాడు సంఘానికి శత్రువు!

ఈ మాట కోపంలో అంటున్నది కాదు. నేను బడిపంతులును. నల్లబల్ల మీద రాసే ముందు కూడా మాటను ఒకసారి నోట్లో తిప్పి చూసుకునే అలవాటు ఉన్నవాణ్ణి. బాగా ఆలోచించే అంటున్నాను.

బ్యాలన్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకు ముందు కొంత చెప్పాలి. నాకు హామ్ రేడియో పిచ్చి, అంటే ఇంట్లో సొంత రేడియో సెట్టు పెట్టుకొని గాలిలో ఇతరులతో మాట్లాడే పిచ్చి, ఉంది. ప్రభుత్వం పరీక్ష పెట్టి మరీ లైసెన్సు ఇచ్చిన పిచ్చి కాబట్టి ఎవరూ ఆక్షేపించడానికి లేదు. నంద్యాలలో మా మిద్దె మీద రెండు పొడవాటి వెదుళ్ళు పాతి, వాటి మధ్య ఒక రాగి తీగ లాగి కట్టాను. తీగను సరిగ్గా నడుమ కోసి, ఆ కోసిన చోటు నుంచి ఒక కేబుల్‌ను కిందికి, మిద్దె గదిలోని సెట్టుకు దించాను. అంతే, యాంటెన్నా తయారు.

చిక్కల్లా ఆ కేబుల్‌తోనే. దానికి మర్యాద తెలియదు. పైకి పంపిన కరెంటు అంతా బుద్ధిగా తీగలోకి పోదు. కొంత కేబుల్ పైతొడుగు పట్టుకొని మళ్ళీ కిందికి దిగి ఇళ్ళలో చొరబడుతుంది. మన ఇల్లు, పక్కిల్లు అనే భేదం చూడదు. దొరికిన స్పీకరులో దూరి మన గొంతుతోనే మాట్లాడుతుంది. దీన్ని దారిలోనే ఆపేసేది బ్యాలన్. అదేమీ పెద్ద యంత్రం కాదు. కేబుల్‌నే ఒక పీవీసీ పైపు ముక్క మీద కొన్ని చుట్లు చుట్టి, తీగ నడుమ వేలాడదీసినా పని జరుగుతుంది.

అది కావాలా, అక్కర్లేదా? లోకంలోని హామ్‌లు ఈ ఒక్క ప్రశ్న మీద రెండు పార్టీలుగా చీలిపోయారు. ఇంటర్నెట్‌లో వాళ్ళు పోట్లాడుకునే తీరు చూస్తే మన ఊళ్ళో ఎలక్షన్లు ప్రార్థనా సమావేశాల్లాగా కనిపిస్తాయి!

నేను రెండో పార్టీ. అక్కర్లేదు. అక్కర్లేకపోవడం మాత్రమే కాదు, హానికరం.

నా సెట్టు నేను సొంతంగా చేసుకున్నది, పాత పద్ధతిది. కొత్త సెట్లవాళ్ళ గొంతు పక్కింటి స్పీకరులో పడితే బాతు దగ్గినట్టు ఉంటుంది. నాది అలా కాదు. ప్రతి అక్షరం స్పష్టం. ఒత్తులు కూడా వినపడతాయి! తెలుగు పంతులుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ సౌకర్యాన్ని మొదట అనుభవించింది మా ఆవిడ రెబెకా. ఆమెది ఆళ్లగడ్డ. ఆమె తమ్ముడు యెషయా అక్కడే ఉంటాడు, అతనూ హామే. రోజూ పొద్దున నేను ఇక్కడ, అతను అక్కడ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ బస్సులో ఎంత దూరమో మీకు తెలుసు. ఇద్దరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా వెదుళ్ళు పాతి, తీగలు లాగి, 'వినపడతాందా?' అని ఒకరినొకరు అడుక్కోవడమే ఈ విద్యలోని గొప్పతనం.

రెబెకా వంటింట్లో పాటలకని ఒక చిన్న స్పీకరు పెట్టుకుంది. నేను మైకు నొక్కగానే పాట వెనక్కి పోయి నేను ముందుకొచ్చేవాణ్ణి. ఆమెకు నా మాటలే వినపడేవి, తమ్ముడివి వినపడేవి కావు. అయితేనేం, సగం సంభాషణ ఆమెకు చాలు.

"ఎండలు మండిపోతాండాయి యెషయా" అని నేను అనేవాణ్ణి. మెట్ల మీదుగా కేక వచ్చేది.

"ఎండల సంగతి వానికి తెలీదా? పాపకు జరం తగ్గిందేమో అడుగు! ఊరికే ఎండలు ఎండలు అంటావేందీ!"

నేను అడిగేవాణ్ణి.

"తగ్గిందని చెప్పు బావా. ఇంతకీ బ్యాలన్ పెట్టినావా? ఓవర్" అనేవాడు యెషయా. ఒకరి మాట అయిపోయిందని రెండో మనిషికి తెలియడానికి చివర 'ఓవర్' అనడం మా పద్ధతి.

"పెడతాలే. ఓవర్."

మళ్ళీ కింది నుంచి: "ఏందీ, నువ్వు పెట్టేది? కుళాయికి వాచరు పెడతానంటివి, పెట్టినావా?"

ఒక మంచి బ్యాలన్ ఉంటే ఈ సంసారం ఇంత బాగా జరిగేదా? మీరే చెప్పండి!

పోయిన ఏడాది వానలు మొదలైన నెలలో రెబెకా చనిపోయింది. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా చెప్పనవసరం లేదు. ఆ స్పీకరును మాత్రం ఆన్‌లోనే ఉంచుతున్నాను. కేబుల్ నుంచి కరెంటు ఇంట్లోకి దిగుతోందా లేదా తెలుసుకోవడానికి అంత చవకైన పరికరం మరొకటి లేదు. నేను పైన మాట్లాడుతుంటే నా గొంతే వంటింట్లో పలికి, మెట్లెక్కి నా దగ్గరకు వస్తుంది. ఇది కేవలం శాస్త్రీయ పరిశీలన.

ఇక పొరుగువారికి కలిగిన లాభాలు చూద్దాం.

మా గోడ పక్క ఇల్లు రామలక్ష్మమ్మది. పొద్దున పూట ఆమె టీవీలో సీరియల్ చూస్తుంది. ఒకరోజు కొంగు బిగించి మా గేటు తోసుకొని వచ్చింది.

"ఏం సారూ! అత్త కోడలి చెంప మీద కొట్టబోయే టయానికి నువ్వొచ్చి 'నీ మాట బాగుంది, ఇంగొకసారి చెప్పు' అంటాండావ్! ఆయమ్మ కొట్టిందో లేదో నాకు తెలీకపాయ!"

నిజం చెప్పాలంటే, ఆ అత్త నోటి నుంచి అంత మర్యాదైన మాట అంతకు ముందెప్పుడూ రాలేదు. అయినా క్షమాపణ చెప్పి కుర్చీ వేశాను. ఆమె కూర్చుని తృప్తిగా తిట్టింది. తిడుతూ తిడుతూ వంటింటి వైపు చూసింది.

"పొయ్యి ముట్టించలేదా?"

"చేసుకుంటాలే అక్కా."

"ఎప్పుడు, మాపటికా?"

కాసేపటికి గోడ మీదుగా ఒక పళ్ళెం వచ్చింది. బొరుగుల ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు! పాఠకులారా, తప్పు చేసినవాడికి ఉగ్గాని శిక్షగా వేసే చట్టం ఏ దేశంలో ఉంది?

ఆ తర్వాత నేను యెషయాతో 'ఇంకా ఏమీ తినలేదప్పా' అన్న పొద్దుల్లో, మాట ఆళ్లగడ్డ చేరే లోపే పళ్ళెం గోడ ఎక్కేది. నేను కావాలనే అలా అంటానని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. నమ్మకండి. మొదటిసారి కావాలని అనలేదు.

ఎదురింటి శేషయ్యది మరో లాభం. ఆయన తీగ లేని కాలింగ్ బెల్లు పెట్టించుకున్నాడు. గాలిలో ఎవరైనా ఉన్నారా అని హామ్‌లు 'సీక్యూ, సీక్యూ' అని కేక వేస్తారు. నేను సీక్యూ అంటే ఆయన బెల్లు మోగుతుంది. ఆయన లేచి గేటు దాకా వస్తాడు. ఎవరూ ఉండరు. షుగరుకు నడవమని డాక్టరు ఎంత చెప్పినా నడవని మనిషి, నా వల్ల రోజూ నడుస్తున్నాడు! అక్కడిదాకా ఎలాగూ వచ్చానని రోడ్డు దాటి మా అరుగు మీద కూర్చుని పేపరు చదివి, ప్రతి వార్తకూ నన్ను బాధ్యుణ్ణి చేసి తిట్టి వెళ్ళేవాడు. "ఉల్లిగడ్డ రేటు సూసినావా సారూ?" అని ఆయన అడుగుతుంటే రేటు పెంచింది నేనేమో అని నాకే అనుమానం వచ్చేది.

ఇన్ని లాభాలున్నా లోకం ఊరుకుంటుందా?

మా వీధి చివర చర్చి ఉంది. రెబెకా, నేను ఆదివారాలు వెళ్ళేవాళ్ళం. ఈ మధ్య నేను వెళ్ళడం లేదు. ఒక ఆదివారం పాస్టరు ఎలీషాగారు అందరినీ మౌన ప్రార్థనలో ఉండమని, 'దేవుని స్వరం కోసం కనిపెట్టుకుందాం' అన్నారట. అందరూ తలలు వంచారు. అప్పుడు మైకు పెట్టెలోంచి స్పష్టంగా ఒక స్వరం పలికింది.

"వినపడతాందా? లేకుంటే కొంచెం పక్కకు జరుగుమంటావా?"

వెనక వరసలో ఒక పెద్దావిడ 'ఆమేన్' అనేసిందట. ముందు వరసలో ఒకాయన నిజంగానే పక్కకు జరిగాడట!

సాయంత్రం ఎలీషాగారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి, నవ్వు ఆపుకుంటూనే మాట్లాడారు.

"సార్, మీరు మందిరానికి రాకపోయినా మీ గొంతు క్రమం తప్పకుండా వస్తాంది. సంతోషమే. కానీ గుడ్ ఫ్రైడే వస్తాంది గదా. ఆ రోజు మేము ధ్యానించేది ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలే సార్. ఎనిమిదోది మీ మిద్దె మీద నుంచి రాకూడదు."

బైబిల్ ఆయన పక్షాన ఉంది.

మరునాడు పొద్దున యెషయాకు చెప్పాను. అతను పండగ చేసుకున్నాడు.

"నేను మొదటి నుంచీ చెప్తాండా గదా బావా! బ్యాలన్ లేకుంటే దాన్ని యాంటెన్నా అనరు, గుడ్డలు ఆరేసే తీగ అంటారు. ఓవర్."

"ఆలోచిస్తాలే యెషయా. ఓవర్."

"ఎన్నాళ్ళు ఆలోచిస్తావ్? మా అక్కను చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచన చేయలేదు గదా నువ్వు..."

అక్కడ ఆగిపోయాడు. 'ఓవర్' అనలేదు. ఓవర్ అనకపోతే మాట ఇంకా అతని దగ్గరే ఉన్నట్టు. నేను మైకు పట్టుకొని వేచి ఉన్నాను. చివరికి, "బ్యాలన్ పెట్టు బావా. ఓవర్" అన్నాడు.

పెట్టాను. పైపు ముక్క మీద కేబుల్ చుట్టి, జిప్ టై వేసి బిగించి, వెదురు వంచి తీగ నడుమ కట్టాను. పిలిచి చూస్తే యెషయా, "అద్దం మాదిరి ఉంది బావా నీ గొంతు! ఆళ్లగడ్డంతా వినపడతాంది!" అన్నాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ మెట్ల వైపు చెవి పెట్టాను. కింది నుంచి ఏమీ రాలేదు. వంటింటి పరికరం ప్రకారం మా బ్యాలన్ దివ్యంగా పనిచేస్తోంది.

శుక్రవారం చర్చిలో ఏడు మాటలే పలికాయి. రామలక్ష్మమ్మ ఇంట్లో అత్త కోడలిని నిరాటంకంగా కొట్టింది. శేషయ్య బెల్లు మోగలేదు, ఆయన నడవలేదు. వీధి వీధంతా బాగుపడింది.

మా గేటు మాత్రం చప్పుడు చేయడం మానేసింది.

రెబెకా పోయినప్పుడు కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. వాటి కింద, ఈరోజు మున్సిపాలిటీ నీళ్ళు వస్తాయా అని ఎవరో అడిగారు. దానికి కూడా ఇంకెవరో చేతులు జోడించిన బొమ్మే పెట్టారు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. చావు జరిగిన ఇంటికి ఏం మాట్లాడాలని వస్తారు? మాట దొరకక గేటు దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ళను నేను కిటికీలోంచి చూశాను. నేనూ పిలవలేదు. అదే తిట్టడానికైతే, ఎంత ధైర్యంగా వస్తారండీ! మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. మనసు నిండా తిట్టి, పొయ్యి వైపు ఒక చూపు చూసి పోవచ్చు. బ్యాలన్ మీద నాకున్న కోపానికి కారణం ఇదీ. అది కరెంటును ఆపితే ఆపింది, జనాన్ని కూడా ఆపేసింది.

ఆ తర్వాత నేను సెట్టు జోలికి పోలేదు. ప్లగ్గు పీకేసి, మీద తుండుగుడ్డ కప్పాను. యెషయా ఫోన్ చేస్తే ఎండ ఎక్కువగా ఉంది, మిద్దె గది కాలిపోతోందన్నాను. అబద్ధమేమీ కాదు.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున గేటు దడాలున మోగింది.

"ఏం సారూ! ఏదో చుట్ట చుట్టి కట్టినావంట గానీ, దానివల్ల ఏం ఉపయోగం?" రామలక్ష్మమ్మ కొంగు బిగించే ఉంది. "మళ్ళీ టీవీలో నీ గొంతే! సీరియల్ సూడనిస్తావా లేదా?"

నేను ఆమె వైపు చూశాను. "ఎప్పుడక్కా?"

"ఇప్పుడే! ఇంతకు ముందే!"

"ఏమన్నాను?"

ఆమె ఒక్క క్షణం తడుముకుంది. "ఏమంటావ్, ఎప్పుడూ అనేదే. ఎండలు మండిపోతాండాయంటివి. ఇంకా ఏమీ తినలేదంటివి."

అప్పుడు చూశాను, కొంగు చాటున పళ్ళెం ఉంది.

నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ మాట నిజమే.

"కూర్చో అక్కా" అని కుర్చీ వేశాను. "ఆ చుట్టలోనే ఏదో లోపం ఉన్నట్టుంది."

"ఉండదా మరి! నువ్వు చుట్టింది గదా!" అంటూ ఆమె కూర్చుంది. నేను తింటుంటే తిట్టడం మొదలుపెట్టింది. తిట్లు పూర్తయ్యే లోపల శేషయ్య పేపరుతో సహా రోడ్డు దాటి వచ్చాడు.

"ఏంది సారూ, మా బెల్లు మళ్ళీ మోగబట్టె!"

పాఠకులారా, నేను సైన్సును గౌరవించేవాణ్ణి. ప్లగ్గు పీకి, తుండుగుడ్డ కప్పిన సెట్టు నుంచి వెలువడిన శక్తి ఒకే పొద్దున ఒక టీవీలోనూ, ఒక బెల్లులోనూ దూరిందంటే ఆ బ్యాలన్ ఎంత నాసిరకమో మీరే ఊహించుకోండి!

వాళ్ళు వెళ్ళాక మిద్దె ఎక్కాను. తుండుగుడ్డ తీసి దులిపి, ప్లగ్గు పెట్టి, సెట్టు ఆన్ చేసి యెషయాను పిలిచాను. మొదటి పిలుపుకే పలికాడు.

"బ్యాలన్ పనిచేయడం లేదు యెషయా. గొంతు ఇంకా ఇండ్లలో వినపడతానే ఉందంట. ఓవర్."

"అట్ల యెట్ల జరుగుతాది బావా? ఎవురు చెప్పినారు? ఓవర్."

"అందరూ. ఓవర్."