లేబర్నమ్ వీధిలో వినిఫ్రెడ్ అదృశ్యం

"నెవిల్! ఈ వీధిలో నేరం దాగి ఉంది. నా ముక్కు ఇంతవరకు అబద్ధమాడలేదు!"

నాకు మాత్రం ఉడికిన క్యాబేజీ వాసన వచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక మా లేబర్నమ్ వీధిలో వేరే వాసన రాదు.

క్లెమెంట్ డఫీల్డ్ నా చిన్ననాటి స్నేహితుడు. తివాచీల దుకాణంలో రిటైరయ్యాక, తనంతటి డిటెక్టివ్ ఇంగ్లండ్‌లో లేడని తనే కనిపెట్టాడు. మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, తిన్నది అరగాలని నన్ను షికారుకి లాక్కొచ్చాడు.

"ఆ కర్టెన్ కదిలింది. మనల్నెవరో గమనిస్తున్నారు!"

"వాళ్ళ చెత్తడబ్బాలోకి తొంగిచూస్తే గమనించరట్రా?"

మూలమలుపు ఇంటి గేటు దగ్గర మావిస్ పినక్ నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"వినిఫ్రెడ్ గురువారం నుంచి కనబడ్డంలేదు నెవిల్. ఇది ఆ పక్కింటి గోర్డన్ పనే!"

వినిఫ్రెడ్ ఆవిడ తాబేలు. పెళ్ళయిన ఏడాది మొగుడు తెచ్చిచ్చాడు. మొన్న చలికాలంలో ఆయన పోయాక, ఆ ఇంట్లో మావిస్ పలకరించుకునేది దాన్నొక్కదాన్నే.

"క్లెమెంట్, వినిఫ్రెడ్ అంటే..."

"ష్! సాక్షి చెబుతుంటే అడ్డురాకు. అమ్మా, వయసెంత?"

"అరవై ఉంటాయేమో."

"పోలికలు?"

"గోధుమరంగు. మెడంతా ముడతలు. నడక బాగా నెమ్మది."

"ఒంటిమీద ఏం వేసుకుంది?"

"ఏముంటుంది పాపం, ఏమీ లేదు."

క్లెమెంట్ టోపీ తీశాడు. "పట్టపగలా!" అని గొణిగి, మళ్ళీ పెట్టుకున్నాడు. "గోర్డన్‌కి పగ దేనికి?"

"అతని తోటలో దూరి లెట్యూస్ మేస్తుందని."

"ఆకుకూర కోసం హత్య!" అంటూ పక్కింటి తోటలోకి దూసుకుపోయాడు. నేను వెనక పరుగెత్తాను.

గోర్డన్ టిబ్స్ చిక్కుడు విత్తనాలకి గొయ్యి తవ్వుతున్నాడు. క్లెమెంట్ ఆ గోతిని చూసి, నన్ను చూసి, కనుబొమలెగరేశాడు.

"వినిఫ్రెడ్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"గురువారం. నా లెట్యూస్ మడిలో. ఎత్తి కంచె అవతల దించాను."

"ఒక్కడివే ఎత్తావా?"

"ఒంటిచేత్తో."

క్లెమెంట్ గోర్డన్ జబ్బలకేసి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "నేరం ఒప్పుకున్నావు! ఇక తప్పించుకోలేవు!"

"తాబేలండీ బాబూ! తాబేలు!" గోర్డన్ అరిచాడు.

"బెయిలా? అది కోర్టువారు ఇవ్వాలి, నేను కాదు!"

ఇంకో అడుగు వెనక్కి వేశాడు. వెనక చుట్టూ చెక్కలు కట్టిన ఎరువుకుప్ప ఉంది. చెక్కలు ఫెళ్ళున విరిగాయి. కోసి పోసిన గడ్డి, బంగాళాదుంప తొక్కలు, వాటన్నిటి మీదా క్లెమెంట్.

"చచ్చానురా! కింద రాయుంది!"

నేను చెయ్యిచ్చి లేపాను. ఆ రాయి మెల్లిగా తల బయటపెట్టింది.

గోర్డన్ పార పడేశాడు. మోకాళ్ళమీద కూర్చుని, తాబేలుకి అంటిన మట్టిని చొక్కా అంచుతో తుడిచాడు. "కంచెంతా నేనూ వెతికానండీ. చెబితే ఆవిడ నమ్మదని ఊరుకున్నా" అన్నాడు గొంతు తగ్గించి.

గోర్డన్ మావిస్ ఇంటి గేటు తోసుకుని వెళ్ళి, దాన్ని ఆవిడ చేతుల్లో పెట్టాడు. "వెచ్చగా ఉందని నా ఎరువుకుప్పలో దూరింది. నెవిల్ గారి స్నేహితుడికి దొరికింది."

"సిగ్గులేనిదానా! నా ప్రాణం తోడేశావు కదే!" అని మావిస్ దాన్ని గుండెలకి హత్తుకుంది. అతనికేసి తిరిగి, "నిన్ను అనరాని మాటలన్నాను గోర్డన్" అంది.

"అన్నావు."

"టీ తాగుతావా?"

"తాగుతా. ఉండు, దానికి రెండు ఆకులు కోసుకొస్తా."

అప్పటికి గాని క్లెమెంట్‌కి అసలు సంగతి చెప్పే అవకాశం నాకు చిక్కలేదు. చెవిలోంచి గడ్డి లాక్కుంటూ విన్నాడు. శవం లేదని తెలిసి ముఖం వేలాడేశాడు.

మావిస్ మమ్మల్నీ లోపలికి పిలిచింది. అందరికంటే ముందు క్లెమెంట్‌కే కప్పు అందించి, "అన్ని రోజులు మేం వెతికినా దొరకలేదు. మీరెలా కనిపెట్టారండీ?" అని అడిగింది.

క్లెమెంట్ నడుం కింద దిండు సర్దుకున్నాడు.

"కేసు మీద కూర్చోవాలమ్మా" అన్నాడు గంభీరంగా.